అనాస్టొమోసిస్ : ఒక శాస్త్రపదము యొక్క అర్థవిచారము



శరీరశాస్త్రము చదువువారికిని, వృక్షశాస్త్రము చదువువారికిని, నదుల నడకను గూర్చి చదువువారికిని ఒకే మాట మూడు చోట్ల ఎదురగుచుండును. అది అనాస్టొమోసిస్ అను మాట. మొదట దానిని పలుకుటకే నోరు తిరుగదు. నోరు తిరిగిన పిమ్మట అర్థము కూడ తెలిసినట్లే భావించి చాలమంది ముందునకు సాగిపోవుదురు. ఓపిక గలవారు నిఘంటువు తిరుగవేసి 'సంధి', 'కలయిక' అని పుస్తకపు అంచున వ్రాసికొందురు. ఆ మాటలు తప్పని మేము చెప్పము. కాని ఈ పదమునకు ప్రాణమైన భావము వానియందు లేదు. ఆ భావమేదో తెలిసికొన్నచో చేతిలోని రక్తపు దారి మొదలు గుండెపోటు వరకు ఎన్నియో విషయములు సులభముగా బోధపడును. మేము తెలుగు చెప్పువారమే గాని వైద్యులము కాము. అయినను శాస్త్రపదము కూడ మొదట పదమే గదా! పదమును విప్పి చూచుట మా పని.

గ్రీకు భాషయందు 'స్టోమా' అనగా నోరు. దానినుండి పుట్టిన ఒక క్రియకు 'నోరు కల్పించుట', 'ద్వారము తెరచుట' అని అర్థము. ఆ క్రియకు నామరూపమే అనాస్టొమోసిస్. ఆకు అడుగుభాగమున గాలి వచ్చిపోవుటకై ఉండు సూక్ష్మరంధ్రములను స్టొమాటా అందురని మీరు చదివియే యున్నారు. ఆ మాటయు ఈ 'స్టోమా' సంతానమే. కావున అనాస్టొమోసిస్ అను మాటకు మూలార్థము రెండు వస్తువులను అతికించుట కాదు, నోరు పెట్టుట. ఒక ప్రవాహమునకును మరియొక ప్రవాహమునకును నడుమ నోరు తెరచుట.

నీటి దారిని నోటితో పోల్చుట గ్రీకులకు మాత్రమే తెలిసిన విద్య కాదు. సంస్కృతమున నదీముఖము అను మాట కలదు. తెలుగున ఏరు సముద్రమున కలియు చోటును మొగ యందురు. మన చుట్టునున్న ఒడియావారు దానినే ముహాణ యందురు. ఇంటిలో మొగ యనియు, బజారులో ముహాణ యనియు వినుచు పెరిగిన మన ప్రాంతపు విద్యార్థికి ఈ గ్రీకు పదము పరాయిది కానక్కరలేదు.

మనకు దగ్గరనున్న చిలకా సరస్సునే తీసికొందము. గంజాం, ఖుర్దా, పూరీ జిల్లాల నానుకొనియున్న ఈ ఉప్పునీటి సరస్సునకును సముద్రమునకును నడుమ పొడుగాటి ఇసుకతిన్నె యొకటి కలదు. అలలు తీరము వెంబడి ఇసుకను నెట్టుచుండుటచేత, సరస్సునుండి సముద్రమునకు పోవు పాత దారి కాలక్రమమున పొడవై, పూడికచే సన్నగిల్లెను. సముద్రపు ఉప్పునీరు లోనికి చాలినంతగా రాకపోయెను. ఏరులు తెచ్చిన ఒండ్రుమట్టి బయటకు పోకపోయెను. కలుపు పెరిగెను. చేపలు తగ్గెను. వలను నమ్ముకొన్న కుటుంబములకు బ్రతుకు భారమయ్యెను. అప్పుడు 2000 సెప్టెంబరు 23న సిపకుడ గ్రామమునకు సమీపమున ఇసుకతిన్నెను కోసి సరస్సునకు క్రొత్త మొగను తెరచిరి. దానితో సముద్రమునకు పోవు దారి 18 కిలోమీటర్ల మేర తగ్గెను. ఆటుపోట్లు మరల లోనికి వచ్చిపోసాగెను; చేపలు, రొయ్యలు, పీతలు వృద్ధియయ్యెను. చెడిపోవుచున్న చిత్తడినేలల అంతర్జాతీయపు పట్టికలోనికి 1993లో ఎక్కిన చిలకా పేరును 2002లో దానినుండి తొలగించిరి.

భూగోళశాస్త్రజ్ఞులు చిలకా మొగను అనాస్టొమోసిస్ అని వ్యవహరింపరు. ఆ మాట కాలువకును కాలువకును, నాళమునకును నాళమునకును నడుమ ఏర్పడు ద్వారమునకు రూఢియైనది. అయినను 'నోరు పెట్టుట' యను మూలార్థమును కన్నులకు కట్టించుటకు మాకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకలేదు. మొగ తెరచినందున సరస్సు సముద్రమై పోలేదు. సముద్రము సరస్సు కాలేదు. ఒకచోట నీరు ఎక్కువైనపుడు రెండవచోటికి పోవుటకు వీలు కలిగినది. ఆ పోక ఒకే దిక్కునకు కాదు. వరదనాడు లోపలి నీరు బయటకు, పోటునాడు బయటి నీరు లోపలికి.

ఇప్పుడు 'సంధి' యను మాట ఇచట ఏల చాలదో చెప్పవచ్చును. మన వ్యాకరణమున రాముడు, అతడు అను రెండు పదములు కలిసి 'రాముడతడు' అయినపుడు మొదటి పదము చివరనున్న ఉకారము లోపించును. సంధియందు ఏదో యొక వర్ణము పోవును, లేదా మారును. నదీసంగమమున పోవునది మరింత పెద్దది. రెండు నదులు కలిసిన పిమ్మట మిగులునది ఒకటే ప్రవాహము, ఒక నది పేరు అచటితో సరి. అనాస్టొమోసిస్ నందు ఏదియు పోదు. రెండు నాళములును తమ తమ దారిని సాగుచునే యుండును. నడుమ నొక ద్వారము మాత్రము ఉండును.

పాయలుగా చీలుటయు అనాస్టొమోసిస్ కాదు. పరీక్షలలో ఈ పొరపాటు తరచుగా కనబడును గనుక కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. గోదావరి ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. గౌతమి యానాము ప్రక్కగా పోయి సముద్రమును చేరును. వసిష్ఠ అంతర్వేదివద్ద చేరును. చీలినవి చీలినట్లే పోయినవి. అది శాఖాభేదము. అదే నదిలో ఒక లంకకు ఇరుప్రక్కలను నీరు చీలి, లంక దాటిన పిమ్మట మరల కలిసికొనును. ఈ విధముగా స్థిరమైన లంకల చుట్టును కాలువలు చీలుచు, కలియుచు, మరల చీలుచు పోవు నదిని శాస్త్రజ్ఞులు అనాస్టొమోసిస్ గల నది యందురు. కెనడా దేశమున కొలంబియా నది ఎగువభాగము దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. చీలుట మాత్రమే చాలదు. చీలినవాని నడుమ దారి యుండవలెను.

అట్లయిన దీనికి తెలుగున ఏమనవలెను? ముఖసంధానము అన్నచో మూలార్థమునకు దగ్గరగా నుండును. మేము తరగతిలో ఆ మాటనే వాడుచున్నాము. అచ్చతెలుగే కావలెనన్నవారికి 'సందు' ఉన్నది. రెండు వీధులను కలుపు సందు ఏ వీధిని మ్రింగదు. పెద్దవీధిలో పెండ్లిపందిరి వేసినపుడు బండ్లన్నియు దానిలోనుండియే తిరిగిపోవును. పండితులు నవ్వినను నవ్వవచ్చును గాని, రక్తనాళముల విషయమున ఈ సందు చేయు పని సరిగా ఇదియే.

రక్తనాళములను గూర్చి ఈ మాట వాడుట చాల పాతది. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున నుండిన ఎరసిస్ట్రాటస్ అను వైద్యుడు, సిరలలో రక్తము, ధమనులలో వాయువు ఉండునని తలచెను. అట్లయిన ధమని తెగినపుడు రక్తమేల కారును? సిరలకును ధమనులకును నడుమ మూసియుండు సూక్ష్మమైన నోళ్లు ఉన్నవనియు, వాయువు బయటకు పోగానే అవి తెరచుకొని సిరలలోని రక్తము ధమనులలోనికి దూకుననియు అతడు సమాధానము చెప్పెను. సిద్ధాంతము తప్పు. కాని కంటికి కనబడని నోళ్లుండునన్న ఊహ గొప్పది. 1628లో విలియం హార్వీ రక్తము గుండెనుండి బయలుదేరి మరల గుండెకే వచ్చునని నిరూపించెను గాని, ధమనులనుండి సిరలలోనికి అది ఏ దారిని పోవునో చూడజాలకపోయెను. ఆయన 1657లో గతించెను. నాలుగేండ్లకు, 1661లో, ఇటలీ దేశస్థుడగు మార్సెల్లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులను పరీక్షించి, కేశనాళికలను కనుగొనెను. నేడు కేశనాళికల దారిని అనాస్టొమోసిస్ అనరు. ధమనికి ధమనితోను, సిరకు సిరతోను, కొన్నిచోట్ల కేశనాళికల ప్రమేయము లేకయే ధమనికి సిరతోను నేరుగా ఉండు ద్వారమునకే ఆ పేరు.

ఇట్టి ద్వారములుండుటచేత లాభమేమి? దీనికి తాపీమేస్త్రీ సమాధానము చెప్పును. అతడు గోడల మట్టము చూచుటకు పారదర్శకమైన నీటిగొట్టమును వాడుట మీరు చూచియుందురు. రెండు కొనలలోను నీరు ఒకే మట్టమున నున్నంతవరకు గొట్టము నడుమనున్న నీరు కదలదు. ఒక కొనను దించినచో వెంటనే నీరు ఆ వైపునకు పోవును. రెండు ధమనులను కలుపు సన్నని నాళమునందును ఇట్లే. ఇరువైపుల ఒత్తిడి సమానమైనపుడు దానిలో ప్రవాహము స్వల్పము. అది యున్నట్లే తోచదు. ఒక ధమని మూసికొనిపోయి ఆ వైపున ఒత్తిడి తగ్గగానే రెండవ వైపు రక్తము దానిలోనుండి ప్రవహించును. ఎవ్వరును ఆజ్ఞ ఇయ్యనక్కరలేదు.

దీనిని మీ చేతిమీదనే చూడవచ్చును. మణికట్టునొద్ద రెండు ధమనులు అరచేతిలోనికి పోవుచున్నవి. ఒకటి బొటనవ్రేలి వైపున, ఒకటి చిటికెనవ్రేలి వైపున. పిడికిలి గట్టిగా బిగింపుడు. మీ మిత్రుడు రెండు బొటనవ్రేళ్లతో ఆ రెండు ధమనులను అదిమి పట్టవలెను. ఇప్పుడు పిడికిలి విప్పినచో అరచేయి పాలిపోయి కనబడును. మిత్రుడు చిటికెనవ్రేలి వైపు మాత్రమే వదలవలెను. సాధారణముగా కొన్ని సెకండ్లలో అరచేయి అంతయు ఎర్రబారును. బొటనవ్రేలి వైపు కూడ! ఆ వైపు ధమనిని మీ మిత్రుడు ఇంకను అదిమియే యున్నాడు గదా, రక్తము ఎట్లు వచ్చినది? అరచేతిలో ఆ రెండు ధమనులును వంపు తిరిగి ఒకదానిలోనికొకటి తెరచుకొనియుండుటచేతనే. ఎడ్గర్ అలెన్ అను వైద్యుడు 1929లో ప్రకటించిన పరీక్షను కొంత మార్చి చేయుచున్న విధమిది. బొటనవ్రేలి వైపు ధమనినుండి రక్తము తీయుటకు ముందు వైద్యులు ఈ పరీక్ష చేయుట కలదు. ఆ ధమనికి హాని కలిగినను రెండవది చేతిని పోషింపగలదా యని వారికి తెలియవలెను. అందరి చేతులలోను ఈ వంపు సమానముగా నుండదు.

శరీరమున నున్న ముఖసంధానములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మెదడు అడుగున నున్న ధమనీవలయము. మెడలో ముందువైపు రెండు, వెనుక వెన్నెముక వెంబడి రెండు, వెరసి నాలుగు ధమనులు మెదడునకు రక్తమును కొనిపోవును. శరీరభారమున మెదడు నూటికి 2 పాళ్లే గాని, గుండె పంపు రక్తమున ఇంచుమించు 15 పాళ్లు దానికి కావలెను. ఈ నాలుగు దారులును మెదడు అడుగున ఒక వలయముగా కలుపబడినవి. ఆంగ్ల వైద్యుడగు థామస్ విల్లిస్ 1664లో ప్రకటించిన గ్రంథమున దీని ప్రయోజనమును వివరించుటచేత దానికి విల్లిస్ వలయమని పేరు వచ్చినది. ఆ గ్రంథమునకు బొమ్మలు గీసినవారిలో లండనులోని సెయింట్ పాల్ దేవాలయమును నిర్మించిన క్రిస్టఫర్ రెన్ ఒకడు. వేరొక వ్యాధిచే మరణించిన ఒక మనుష్యుని శవమును పరీక్షింపగా మెడలోని ముందు ధమని యొకటి పూర్తిగా మూసికొనిపోయి యుండెననియు, బ్రతికినన్నాళ్లు అతనికి పక్షవాతము రాలేదనియు, వెనుక ధమని అందుకు బదులు లావెక్కి యుండెననియు విల్లిస్ వ్రాసెను. అయితే ఈ వలయము కూడ అందరిలోను పూర్తిగా ఏర్పడియుండదు. అందుచేతనే ఒకే విధమైన అడ్డంకి ఒకనికి ప్రాణాంతకమై, మరియొకనికి స్వల్పబాధతో పోవుట సంభవించును.

1785 డిసెంబరులో లండను నగరమున జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు ఈ సందులను నమ్మియే ఒక సాహసము చేసెను. 45 ఏండ్ల బండితోలువాడొకనికి మోకాటి వెనుక ధమని బుడగవలె ఉబ్బి పగులుటకు సిద్ధముగా నుండెను. కాలు తీసివేయుటయే ఆనాటి వైద్యులలో పలువురి మార్గము. హంటర్ కాలు తీయక, తొడలో ఆ ధమనిని దారముతో కట్టివేసెను. ప్రధానమైన దారి మూసినను, మోకాటి చుట్టును అల్లుకొనియున్న చిన్న ధమనుల గుండ రక్తము పోయి కాలు బ్రతికెను. ఆరు వారములకు రోగి వైద్యశాల విడిచి పోయెను.

సందు లేనిచోట ఏమగునో కంటిని చూచిన తెలియును. కంటిలోపలి తెరకు రక్తమిచ్చు కేంద్రధమనికి మరియొక ధమనితో చెప్పుకోదగిన సంధానము లేదు. అది మూసికొనిపోయినచో నొప్పి లేకయే, ఉన్నట్లుండి ఆ కన్ను చూపు కోల్పోవును; కొన్ని గంటలు గడచినచో ఆ చూపు తిరిగివచ్చుట చాల అరుదు. ఇట్టి ధమనులను అంత్యధమనులందురు. ఇంటి పెద్దలలో ఎవరికైన ఉన్నట్లుండి ఒక కన్ను చీకటియైనచో, ఉదయము చూతమని ఊరకుండక ఆ క్షణముననే వైద్యశాలకు తీసికొనిపోవలసినది ఇందుచేతనే.

గుండె సంగతి ఈ రెంటికిని నడుమ నున్నది. గుండె ధమనుల నడుమ సందులు లేకపోలేదు. కాని అవి మిక్కిలి సన్ననివి. ధమని ఏండ్ల తరబడి మెల్లగా ఇరుకైనచో ఆ సన్నని దారులు క్రమముగా విశాలమై కొంతవరకు ఆదుకొనును. నిన్నటిదాక బాగుగా నున్న ధమని నేడు హఠాత్తుగా మూసికొన్నచో వానికి పెరుగుటకు వ్యవధి యుండదు. గుండె కండరము కొంత చచ్చును. కాబట్టి 'అనాస్టొమోసిస్ ఉన్నదా?' యన్న ప్రశ్న చాలదు. 'అవసరమునకు చాలునంత ఉన్నదా?' యని కూడ అడుగవలెను. మీ పుస్తకములలో ఈ రెండవ ప్రశ్న తరచుగా కనబడదు.

ఆకులలో ఇదే కథ ప్రాణభయము లేకుండ చూడవచ్చును. రావి ఆకును కొన్ని వారములు నీటిలో నానవేసి మెత్తని భాగమును కడిగివేసినచో ఈనెల వల మిగులును. ఏ యీనె పట్టుకొని బయలుదేరినను ఎన్నో దారులు దొరకును. 2010లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు నిమ్మ ఆకు నడిమి యీనెకు రంధ్రము చేసి, మెరయు ద్రవమును ఎక్కించి చూచిరి. ద్రవము చిన్న యీనెల వెంట చుట్టు తిరిగి రంధ్రమునకు ఆవలి భాగమును చేరెను. గింగో అను ప్రాచీనజాతి వృక్షపు ఆకులో ఈనెలు చీలునే గాని సాధారణముగా మరల కలియవు. అచట గాయమునకు ఆవలి భాగమునకు ద్రవము అందలేదు. కుక్కగొడుగుల జాతి తంతువులు నేలలో ఒకదానితో నొకటి కలిసి నోళ్లు తెరచుకొనుటను కూడ ఇదే పేర పిలుతురు.

ప్రకృతి పెట్టని చోట మనుష్యుడు నోరు పెట్టుటకు నేర్చినది ఇటీవలనే. 1894లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరమున కత్తిపోటునకు గురియై మరణించెను. తెగిన పెద్ద రక్తనాళమును కుట్టు విద్య నాటి వైద్యులకు లేదు. ఆ నగరమునందే వైద్యము చదువుచుండిన అలెక్సిస్ కారెల్ ఆ విద్యను సాధింపవలెనని పట్టుపట్టెను. బట్టలపై అల్లికపని చేయు స్త్రీయొద్ద సన్నని సూదిని, పట్టుదారమును వాడుట అభ్యసించెను. రెండు గొట్టముల గుండ్రని అంచులు చేర్చి కుట్టునపుడు సూది ఎదుటి గోడను కూడ పట్టి దారి మూసివేయుట పెద్ద చిక్కు. కారెల్ ఆ గుండ్రని అంచునకు మూడుచోట్ల దారములు వేసి లాగెను. వలయము త్రిభుజమయ్యెను, తిన్నని మూడు భుజములను కుట్టుట సులభమయ్యెను. ఈ పద్ధతిని 1902లో ప్రకటించెను. 1912లో నోబెల్ బహుమానము నందెను. నేడు బైపాస్ అని మనము వాడుకగా చెప్పుకొను గుండె శస్త్రచికిత్సయందు కాలి సిరనో, రొమ్ములోని ధమనినో తెచ్చి మూసికొన్నచోటికి దిగువను ఇట్లే కుట్టుదురు. ఆ కుట్టు పేరు కూడ అనాస్టొమోసిసే.

మన సరిహద్దున ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట ప్రాంతమగు ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని ఇండ్లను పీడించుచున్నదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. మీలో పలువురికి అచట బంధువులున్నారు. డయాలిసిస్ చేయించుకొనువారిలో అనేకులకు మణికట్టునొద్ద ధమనిని ప్రక్కనున్న సిరతో కుట్టి కలుపుదురు. 1966లో న్యూయార్కు వైద్యులు ప్రకటించిన పద్ధతి యిది. ధమని ఒత్తిడి సిరలోనికి ప్రవేశించుటచేత కొన్ని వారములకో, నెలలకో సిర లావెక్కి, దాని గోడ గట్టిపడి, మాటిమాటికి సూదులు గ్రుచ్చుటకు తట్టుకొనును. దానిపై మెల్లగా వ్రేళ్లుంచినచో తుమ్మెద ఝంకారమువంటి అదురు తెలియును. ఆ అదురు నోరు తెరచియున్నదనుటకు గుర్తు. అది ఆగినచో వెంటనే వైద్యునకు చెప్పవలెను. అట్టి చుట్టము మీ యింటికి వచ్చినపుడు ఆ చేతికి బరువైన సంచి ఇయ్యకుడు. ఆ చేతికి బిగుతైన గాజులుగాని గడియారముగాని వలదు. రక్తపుపోటు చూచుటకు పట్టీ కట్టువారు వచ్చినచో రెండవ చేయి చూపుడు.